జాకీ రాబిన్సన్ మొదటివాడు కాదు: బేస్‌బాల్ చరిత్రలో అపోహలు - వాస్తవాలు

ఏటా ఏప్రిల్ 15న అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఆటగాళ్లంతా, 1947లో అక్కడ అడుగుపెట్టిన జాకీ రాబిన్సన్ గౌరవార్థం ఆయన 42వ నంబరు జెర్సీతోనే దిగుతారు. ఏటా అదే రోజు అదే తప్పు తెలుగు పోస్టుల్లోనూ చక్కర్లు కొడుతుంది.

అపోహ: మేజర్ లీగ్‌లో ఆడిన తొలి నల్లజాతీయుడు జాకీ రాబిన్సన్.

వాస్తవం: 1884లోనే మోసెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టుకు క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) 42 మ్యాచ్‌లు ఆడాడు. ఆ జట్టున్న అమెరికన్ అసోసియేషన్ అప్పట్లో మేజర్ లీగే. వాకర్ బ్యాటింగ్ సగటు .263 (క్రికెట్ సగటు కాదిది, హిట్లను, అంటే బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరిన సార్లను, ఎట్-బ్యాట్‌లతో, అంటే లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాలతో, భాగిస్తే వచ్చేది). తమ్ముడు వెల్డీ కూడా అదే ఏడాది ఆడాడు.

ఇది వట్టి క్విజ్ తప్పయితే వదిలేయొచ్చు. కానీ రాబిన్సనే మొదటివాడంటే, 1947కి ముందు అంతటి ఆటగాళ్లు నల్లవాళ్లలో లేరు కాబోలు అనిపిస్తుంది. ఉన్నారు. రానివ్వలేదు. 1887 జూలై 14న ఇంటర్నేషనల్ లీగ్ అనే దిగువ స్థాయి లీగ్ యజమానులు నల్లజాతివారితో ఇకపై కొత్త ఒప్పందాలు వద్దని ఓటేశారు. మేజర్ లీగుల్లోనైతే కాగితమే లేదు, అంతా లోపాయికారీ వ్యవహారం. రాతపూర్వకంగా లేదు గనకే 1942లో మేజర్ లీగుల పెద్ద, కమిషనర్ ల్యాండిస్ అసలు అలాంటి నిషేధమే లేదని దర్జాగా ప్రకటించగలిగాడు. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ రాబిన్సన్‌ను దింపాక కూడా అందరూ మారలేదు. బోస్టన్ రెడ్ సాక్స్ 1959 దాకా ఆగింది.

రాసేవాళ్లు "ఆధునిక యుగంలో తొలి" అని ఒక్క మాట చేర్చండి, చాలు.

అపోహ: నల్లజాతీయులకు విడిగా ఉండిన నీగ్రో లీగ్స్ అంకెలను 2024లో జాలితో మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపేశారు.

వాస్తవం: 1920-48 నాటి ఏడు లీగులకు 2020 డిసెంబరులోనే మేజర్ హోదా ఇచ్చారు. అంకెలు 2024 మేలో చేరాయి. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో నీగ్రో లీగ్స్ ఆటగాడు జోష్ గిబ్సన్ (.372), అంతవరకు మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ను (.367) దాటాడు. ఊరూరా తిరిగి ఆడిన ప్రదర్శన మ్యాచ్‌లను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అందుకే గిబ్సన్ కొట్టాడని చెప్పే దాదాపు 800 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) రికార్డుల్లో కనబడవు, బ్యారీ బాండ్స్ 762 హోమ్ రన్ల రికార్డు పదిలంగానే ఉంది. జాలి చూపడమంటే ఇలాగేనా?

అపోహ: ఆటను 1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో, తర్వాత జనరల్ అయిన అబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడు.

వాస్తవం: ఆ ఏడాది ఆయన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో క్యాడెట్. ఆట పుట్టుక తేల్చడానికి వేసిన మిల్స్ కమిషన్ ఒక ముసలాయన ఉత్తరాన్ని నమ్మి తేల్చిన కథ ఇది.

అపోహ: బేస్‌బాల్ క్రికెట్‌కు పుట్టింది.

వాస్తవం: కాదు. 1744 నాటి ఇంగ్లండ్ పిల్లల పుస్తకంలోనే బేస్‌బాల్ పేరుంది.

అమెరికాలో కొత్తగా చేరినవాళ్లు, ఆఫీసువాళ్లు మ్యాచ్‌కు పిలిస్తే రూల్స్ తెలియవని జంకకండి. మూడు స్ట్రైకులకు (బ్యాట్ ఊపి తప్పిన బంతి, లేదా కొట్టే పరిధిలో వచ్చినా వదిలేసిన బంతి) ఔట్. నాలుగు "బాల్స్"కు (కొట్టే పరిధి బయట వెళ్తే బ్యాటర్ వదిలేసిన బంతులు) నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కు. ముగ్గురు ఔటైతే అవతలి జట్టు బ్యాటింగ్. ఫౌల్ (గీతల బయటకు కొట్టిన బంతి) కూడా స్ట్రైకే గానీ, రెండు స్ట్రైకులయ్యాక ఫౌల్ కొడితే మామూలుగా దాన్ని మూడో స్ట్రైక్‌గా లెక్కపెట్టరు, క్రికెట్ చూసినవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో స్టేడియమంతా లేచి పాడుతుంది. మీరూ లేవండి, పాట రాకపోయినా ఎవరూ పట్టించుకోరు.