పిన్‌బాల్ కొత్త కంపెనీలపై అనుమానం ఎక్కడ మొదలైంది?

పిన్‌బాల్ అంటే గాజు మూత కింద వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ ఆడే యంత్రం. 1992లో ఆడమ్స్ ఫ్యామిలీ అనే సినిమా పేరుతో వచ్చిన పిన్‌బాల్ యంత్రాలు 20 వేలకు పైగా అమ్ముడయ్యాయి. వాటిని తయారుచేసిన చికాగో సంస్థ విలియమ్స్ 1999 అక్టోబరులో పిన్‌బాల్ విభాగాన్నే మూసేసింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఈ రంగంలో చెప్పుకోదగ్గ తయారీదారు స్టెర్న్ ఒక్కటే.

2011లో జెర్సీ జాక్ అనే కంపెనీ వచ్చింది. యంత్రం తయారు కాకముందే కొనుగోలుదారుల నుంచి బయానా తీసుకుంది. ఆలస్యమైనా 2013లో విజార్డ్ ఆఫ్ ఓజ్ యంత్రాలను ఇళ్లకు చేర్చింది. దాంతో బయానా పద్ధతిపై నమ్మకం కుదిరింది. ఆ నమ్మకమే తర్వాత ఎందరి కొంపో ముంచింది.

అమెరికాలోని స్కిట్‌-బి అనే కంపెనీ ప్రిడేటర్ సినిమా పేరుతో చేసే యంత్రానికి ముందస్తు సొమ్ము తీసుకుంది. ఆ సినిమా హక్కులే దాని దగ్గర లేవని 2015లో బయటపడింది. ఇలాగే బయానాలు తీసుకున్న మరో కంపెనీ జిడ్‌వేర్‌ను నడిపింది విలియమ్స్‌లో పేరు తెచ్చుకున్న డిజైనర్. ఆయన కూడా డబ్బు అయిపోయిందని చేతులెత్తేశారు. గొప్ప ఆటను ఊహించడం వేరు, ఫ్యాక్టరీ నడపడం వేరు అని ఆ ఉదంతం తేల్చింది.

అసలు చిక్కంతా తయారీలోనే ఉంది. ఒక్కో యంత్రంలో వేల విడిభాగాలు ఉంటాయి: కాయిల్స్, స్విచ్‌లు, ర్యాంపులు, మోటార్లు, బారల కొద్దీ వైర్లు. 80 గ్రాముల ఉక్కు బంతి రోజంతా కొడుతున్నా అవన్నీ తట్టుకోవాలి. చేత్తో ఒక నమూనా చేసి ప్రదర్శనలో పెట్టడం ఓపికున్న చిన్న బృందానికి సాధ్యమే. అదే నాణ్యతతో వందో యంత్రం చేయడానికి అచ్చులు, సరఫరాదారులు, పరీక్షించే మనుషులు కావాలి. బయానా సొమ్ము రూపకల్పనకే ఖర్చయిపోతే విడిభాగాలు కొనే నాటికి ఖజానా ఖాళీ. అప్పుడు రెండో యంత్రం ప్రకటించి, కొత్తవారి డబ్బుతో పాతవారి బాకీ తీర్చాలని చూస్తారు. నా దృష్టిలో ప్రమాద సంకేతాలన్నిటిలోకీ పెద్దది ఇదే.

టెక్సాస్‌లోని డీప్‌రూట్ అనే కంపెనీ వ్యవహారం మరీ పెద్దది. దాదాపు 300 మంది మదుపరుల నుంచి సేకరించిన 5.8 కోట్ల డాలర్ల విషయంలో మోసం జరిగిందని, అందులో కొంత పిన్‌బాల్‌తో సహా ఇతర వ్యాపారాలకు మళ్లించారని 2021 ఆగస్టులో అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ అభియోగం మోపింది. ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది.

అలాగని అనుభవం లేనివారందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. విస్కాన్సిన్‌లోని బెంటన్ అనే చిన్న ఊళ్లో ఓ కుటుంబం స్పూకీ పిన్‌బాల్‌ను మొదలుపెట్టింది. తొలి ఆట అమెరికాస్ మోస్ట్ హాంటెడ్‌ను 150 యంత్రాలకే పరిమితం చేసి, చెప్పినట్టే తయారుచేసి ఇచ్చింది. పెద్ద సినిమాల హక్కుల జోలికి ఆ తర్వాతే వెళ్లింది.