మిక్సీ వేస్తే రేడియో ఎందుకు గరగరమంటుంది?

చిన్నీ, బుజ్జీ,

ప్యానెల్‌లో (మిషన్లను నడిపే మీటర్లు, స్విచ్చులు ఉండే కరెంటు పెట్టె అది) నాయిస్ పోగొట్టడానికి ఓసారి రాత్రంతా మేలుకున్నానని చెబితే, "చెవిలో దూది పెట్టుకోకపోయావా తాతయ్యా" అన్నారు కదా. ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

అది చెవికి వినిపించే గోల కాదర్రా. నాయనమ్మ మిక్సీ వేసినప్పుడల్లా నా పాత రేడియో గరగరమంటుందా? మిక్సీ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌ల దగ్గర సన్నటి నిప్పురవ్వలు లేస్తుంటాయి. వాటి అలజడి గాల్లోంచీ, కరెంటు వైరు వెంబడీ వచ్చి రేడియోలో దూరుతుంది. ప్యానెల్‌లో జరిగేదీ ఇదే. అక్కడ పాట బదులు కొలత పాడవుతుంది.

ఒక రైస్ మిల్లులో వడ్లు ఆరబెట్టే డ్రయర్‌కి ప్యానెల్ కట్టాను. ఫ్యాను ఆగి ఉంటే మీటరు బుద్ధిగా 60 డిగ్రీలు చూపిస్తుంది. ఫ్యాను తిరిగితే చాలు, 85, 52, 70 అంటూ గంతులు. ఆపరేటరు పాపం థర్మోకపుల్ రెండుసార్లు మార్చాడు.

థర్మోకపుల్ అంటే వేడిని కొలిచే రెండు తీగల జోడీ. మేం వాడిన కె-టైప్‌ది ఒక్కో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. వోల్టును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 41. అంత పీలగొంతు దానిది! ఫ్యాను మోటారును నడిపే డ్రైవేమో 415 వోల్టుల కరెంటును 580 వోల్టుల దాకా డీసీగా మార్చి, సెకనుకు కొన్ని వేలసార్లు తెంపి తెంపి పంపుతుంది. థర్మోకపుల్‌దీ, మోటారుదీ, ఈ రెండు కేబుళ్లూ ఒకే డక్ట్‌లో, అంటే వైర్లు పోయే గొట్టంలాంటి దారిలో, నాలుగు మీటర్లు ఒరుసుకుంటూ పోయాయి. వేసిందెవరో అడగకండి. నేనే. డక్ట్ ఖర్చు మిగులుతుందనుకున్నాను.

ఒక్క మిల్లీవోల్టు, అంటే వెయ్యి మైక్రోవోల్టులు, అటూఇటూ అయినా 24 డిగ్రీల తేడా వస్తుంది. గంతులు వేయక ఏం చేస్తుంది?

ఆ రాత్రి పాత థర్మోకపుల్ కేబుల్‌ను ఊడదీసి, కొత్తది ప్యానెల్ రెండో పక్క నుంచి తెచ్చాను. రెండూ కలవక తప్పని ఒక్కచోట, ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించాను. పక్కపక్కన పరిగెడితేనే అలజడి బాగా అంటుకుంటుంది. అడ్డంగా దాటితే చాలా తగ్గుతుంది. కొత్త కేబుల్‌లో రెండు తీగలూ జడలా పెనవేసి ఉన్నాయి. ఒక మెలికలో చేరిన అలజడిని పక్క మెలికలో చేరింది చాలావరకు కొట్టేస్తుంది.

ఇక షీల్డ్, అంటే కేబుల్‌కి తొడిగిన లోహపు చొక్కా. మొదట దాన్ని రెండు చివర్లా ఎర్త్ చేసి ఉంచాను. మిల్లులో అక్కడి ఎర్త్‌కీ ఇక్కడి ఎర్త్‌కీ కాస్త వోల్టేజీ తేడా ఉంటుంది, దాంతో షీల్డ్‌లోనే కరెంటు పారుతుంది. కాబట్టి ఎర్త్‌ను ప్యానెల్ వైపు మాత్రమే ఉంచి రెండో చివర విప్పేశాను. మోటారు కేబుల్ షీల్డ్‌కి మాత్రం రెండు చివర్లా ఎర్త్ ఉండాలి. ఇక్కడ పెద్ద ఎలక్ట్రీషియన్లు కూడా తికమకపడతారు. డ్రైవ్ బిగించిన ప్లేటుకి పెయింట్ ఉంటే, గరుకు కాగితంతో గీకి లోహానికి లోహం తగిలించాను.

తెల్లారి ఫ్యాను వేస్తే 60 దగ్గరే నిలబడింది. ఆపరేటరుకి నమ్మకం కుదరక మీటరును వేలితో రెండుసార్లు తట్టి చూశాడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు రేడియోను మిక్సీ పక్కనా, ఆ తర్వాత పెరట్లోనూ పెట్టి విందాం. మిక్సీకి మాత్రం నాయనమ్మ పర్మిషన్ మీరే తీసుకోవాలి.

మీ
తాతయ్య