రేడియోలో చెబితే పనైపోతుందా? ఫోన్-ఇన్ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

కడపలో ఒక రేడియో ఫోన్-ఇన్ నడుపుతుంటాను. నీళ్లు, కరెంటు, రోడ్లు, పింఛన్లు, కాలువలు, వీధికుక్కలు... జనం ఫోన్ చేసి చెబుతారు, స్టూడియోలో కూర్చున్న అధికారి జవాబిస్తారు. పెళ్లి భోజనాల దగ్గర కూడా ఈ షో గురించి నన్ను ఎవరో ఒకరు పట్టుకుంటారు. కొందరికి ఇది కలెక్టరేట్ కన్నా పెద్ద ఆఫీసు. ఇంకొందరికి "అంతా మీరు ముందే అనుకున్న డ్రామా". ఇద్దరి లెక్కా తప్పే. లోపల నిజంగా ఏం జరుగుతుందో తెలిస్తే ఫోన్ చేసేవాళ్లకు కాస్త పనికొస్తుందని రాస్తున్నాను.

అపోహ: రేడియోలో చెప్పామంటే ఫిర్యాదు ఇచ్చినట్టే.

కాదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. మీ కాల్‌కు రసీదు ఉండదు, ఫిర్యాదు నంబరు ఉండదు. ప్రసారం అయిపోయాక ఆ అధికారి కారెక్కి వెళ్లిపోతే, ఆఫీసు కాగితాల్లో మీ సమస్య లేనట్టే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వస్తుంది. 1100కు ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు. కరెంటు సంగతైతే 1912 ఉంది. ముందు అక్కడ చెప్పి, ఆ నంబరు చేతిలో పెట్టుకుని మాకు ఫోన్ చేయండి. అప్పుడు మీ కాల్ బరువే వేరు.

ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. "మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది మేడమ్, ఎవరూ పట్టించుకోవట్లేదు" అని ఒకాయన అంటారు. స్టూడియోలోని ఇంజనీరు "చూస్తామండీ" అంటారు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఏ ట్రాన్స్‌ఫార్మరో ఆయనకు తెలిసే దారే లేదు. అదే రైతు ఊరు, మండలం, తన మోటారు సర్వీసు నంబరు చెప్పి, "ఆదివారం సాయంత్రం కాలింది, సోమవారం పొద్దున 1912కు చెప్పినాం, ఫిర్యాదు నంబరు ఇదీ, చెనిక్కాయ ఊడలు దిగే టైము సార్" అన్నాడనుకోండి. ఇంజనీరు వెంటనే ఫోన్ తీసి తన కింది అసిస్టెంట్ ఇంజనీరుకు (ఏఈకి) మెసేజ్ పెట్టడం నా కళ్లారా చూస్తుంటాను. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో, పట్టణాల్లో 24 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాల్లోనే ఉంది. ఏ రోజు, ఏ పూట కాలిందో చెప్పకపోతే ఆ గడువు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

ఇంకో మాట. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే తలా ఇంత వేసుకుని, బాడుగ ట్రాక్టర్‌లో మోసుకుపోవడం మా వైపు ఎంత మామూలైపోయిందంటే, అది డిపార్ట్‌మెంట్ పని అని చెబితే కాలర్లే నమ్మరు.

అపోహ: అధికారి "చేస్తాం" అన్నాడు కాబట్టి అవుతుంది.

"చేస్తాం"లో చాలా రకాలున్నాయి. మైకు ముందు కూర్చుని కూర్చుని నాకు ఇవి కంఠతా వచ్చేశాయి.

"పరిశీలిస్తాం" అంటే ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదు. "పై అధికారుల దృష్టికి తీసుకెళ్తాం" అంటే తన చేతిలో లేదు, లేదా ఉన్నా చేయదలచుకోలేదు. "నిధులు రాగానే" అంటే ఈ ఏడాది మర్చిపోవచ్చు. వీటన్నిటిలోకీ నాకు నచ్చేది "ప్రతిపాదనలు పంపించాం". ఎందుకంటే ఇది ఒక్కటే పట్టుకోవడానికి వీలున్న జవాబు. పంపామంటే ఒక కాగితం ఉండాలి, దాని మీద తేదీ ఉండాలి, ఎవరికి పంపారో ఉండాలి. అందుకే నేను వెంటనే "ఎప్పుడు పంపారు సార్, ఎవరికి?" అని అడుగుతాను. ఆ ప్రశ్న దగ్గర స్టూడియోలో ఏసీ కాస్త ఎక్కువ చల్లబడుతుందనుకోండి, అది వేరే సంగతి.

తేదీ చెప్పగలిగితే మంచిదే. చెప్పలేకపోతే కాలర్ చేయాల్సిన పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ ప్రతిపాదన కాపీ అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ప్రతిపాదనలు పంపించాం" అని రేడియోలో వేలమంది వినేలా చెప్పిన అధికారి, ఆ కాగితం లేదని రాతపూర్వకంగా జవాబివ్వాలంటే ఇబ్బంది పడతాడు. నా అనుభవంలో ఈ రెండూ కలిస్తే కదిలినన్ని పనులు, ఒట్టి కాల్‌తో కదల్లేదు.

అందుకే షోలో నేను కోరుకునే జవాబు చిన్నది: ఫలానా వ్యక్తి వస్తాడు, ఫలానా రోజులోగా. "ఏఈ గారు బుధవారం వస్తారు" అన్న ముక్క, పది నిమిషాల అభివృద్ధి ప్రసంగం కన్నా నాకు ఎక్కువ.

అపోహ: ఏ సమస్యైనా కలెక్టర్‌కే చెప్పాలి, కింది వాళ్లతో దండగ.

కలెక్టర్ షోకి వస్తున్నారంటే ఆ రోజు లైన్లకు ఊపిరాడదు. అందులో చాలా కాల్స్ పంచాయతీ కార్యదర్శి దగ్గర తేలిపోయేవే. అసలు చిక్కు అధికారి చిన్నవాడా పెద్దవాడా అన్నది కాదు, ఆ సమస్య ఎవరి పద్దులో ఉందన్నది.

రోడ్డు మీద గుంతనే తీసుకోండి. కర్నూలు నుంచి కడప వచ్చే 40వ నంబరు హైవే మీదో, కర్నూలు-అనంతపురం 44 మీదో గుంత పడితే అది జాతీయ రహదారుల సంస్థ పని, 1033కు చెప్పాలి. హైవే దిగి పక్క ఊరి రోడ్డెక్కితే ఆర్ అండ్ బీ కావచ్చు, పంచాయతీరాజ్ కావచ్చు. ఊళ్లో సిమెంటు రోడ్డైతే పంచాయతీ. నాలుగు గుంతలకు నలుగురు యజమానులు. ఆర్ అండ్ బీ ఇంజనీరును కూర్చోబెట్టిన రోజు పంచాయతీరాజ్ రోడ్డు గురించి అడిగితే ఆయన నిజంగానే ఏమీ చేయలేడు. కాలర్‌కు మాత్రం "తప్పించుకుంటున్నాడు" అనిపిస్తుంది. తప్పించుకునేవాళ్లూ ఉన్నారు, కాదనను. "అది మా పరిధిలోకి రాదు" అన్నవాళ్లను "అయితే ఎవరి పరిధి?" అని అడగకుండా నేను వదలను.

కాలువ నీళ్లయితే ఇంకా చిక్కు. రైతు "కాలువకు నీళ్లెప్పుడు?" అంటాడు. ఏ కాలువ? సుంకేసుల నుంచి వచ్చే కేసీ కాలువా, తుంగభద్ర ఎగువ కాలువా, శ్రీశైలం నీళ్లు ఎత్తిపోసే హంద్రీ-నీవానా? తుంగభద్ర డ్యామ్ ఉండేది కర్ణాటకలో, హోస్పేట దగ్గర. అక్కడి నుంచి నీళ్లు వదిలే సంగతి తుంగభద్ర బోర్డు చూస్తుంది. ఇక్కడి ఇంజనీరు తన కాలువలోకి వచ్చిన నీళ్లను పంచగలడు గానీ అక్కడి తూములు ఎత్తలేడు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా లైన్లలో ఇదే గోల. డ్యామే తెగిందని ఒకరు, ఇక ఈ ఏడు పంటే లేదని ఒకరు. గేటు పోవడం వేరు, డ్యామ్ తెగడం వేరు అని ఎన్నిసార్లు చెప్పించామో! వారం రోజులకు స్టాప్‌లాగ్‌లు, అంటే గేటు బదులు అడ్డం పెట్టే ఇనుప పలకలు, దించి నీళ్లు ఆపారు. అప్పటిదాకా ఫోన్-ఇన్ చేసిన పని సమస్య తీర్చడం కాదు, పుకారుకు అడ్డం పడటం. అది కూడా చిన్న పనేం కాదు.

బస్సుల సంగతి అడిగేవాళ్లకు ఒక ముక్క: ఆర్టీసీ వాళ్ల "డయల్ యువర్ డీఎం" వేరు, మా షో వేరు. స్కూలు టైముకు బస్సు కావాలంటే డిపో మేనేజర్‌కు నేరుగా చెప్పే ఆ గంటే మేలు.

అపోహ: తెలిసినవాళ్ల కాల్సే తీసుకుంటారు.

తీసుకునే ముందు ఎంచుకుంటామన్నది నిజం. తెలిసినవాళ్లనే అన్నది అబద్ధం. మీ ఫోన్ మొదట మైకు దగ్గరికి రాదు. బయట ఒకరు ఎత్తి పేరు, ఊరు, విషయం రాసుకుంటారు. ఒకే కొళాయి గురించి నలుగురు చేస్తే ఒకరికే లైన్ ఇస్తాం. ఎప్పుడూ వినని ఊరి పేరు కనబడితే ముందుకు జరుపుతాం.

ఇంకో పక్క, ప్రతి షోకూ ప్రతి విషయం మీదా ఫోన్ చేసే కాలర్లు కొందరున్నారు. మంచివాళ్లే. రీడయల్ నొక్కడంలో వాళ్లకున్న ఓపిక మామూలు మనిషికి ఉండదు. వాళ్ల గొంతులే తరచుగా వినిపించడంతో "వీళ్లు స్టేషన్ మనుషులు" అని జనం అనుకుంటారు. వాళ్లను కాస్త వెనక్కి నెట్టడం మా రోజువారీ తలనొప్పి.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. నీళ్ల సమస్య మీద ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. బిందె మోసేది ఆడవాళ్లు. ఫోన్ ఇంటాయన జేబులో ఉంటుంది, ఆయన పనికి పోతాడు. "మీ ఇంట్లో వాళ్లకు ఒకసారి ఫోన్ ఇవ్వండి అన్నా" అని అడిగి తీసుకున్న కాల్స్‌లోనే అసలు సంగతి బయటపడుతుంది. ఎన్ని గంటలకు వదులుతారు, ఎన్ని బిందెలు వస్తాయి, చివరి వీధికి అసలు ఎక్కుతాయా అన్నది ఆమెకు లెక్కతో సహా తెలుసు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి. "మేం అయిదుగురం, ఏడు బిందెలు వస్తాయి, అదీ రోజు మార్చి రోజు" అని ఆమె చెప్పాక గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు ఇక గుండ్రంగా మాట్లాడలేడు.

అపోహ: గట్టిగా అడిగితే లైన్ కట్ చేస్తారు.

ఎక్కువ కాల్స్ తెగేది ఇంట్లో రేడియో మోగుతున్నందుకు. "రేడియో సౌండ్ తగ్గించండి" అని మేం మొత్తుకునేది అందుకే: మీ రేడియోలోంచి వచ్చిన మీ గొంతే మళ్లీ ఫోన్‌లోకి దూరి గీ అని కూస్తుంది. యాప్‌లో వినేవాళ్లకు ప్రసారం కాస్త వెనకబడి వస్తుంది, అది విని మాట్లాడబోతే మాట తడబడుతుంది.

మేం కావాలని ఆపే సందర్భాలూ ఉన్నాయి. ఫలానా పేరుగల ఉద్యోగి లంచం అడిగాడని ఆధారం లేకుండా గాల్లో పేరు చెబితే అది పరువు నష్టం అవుతుంది, చెప్పినవాళ్లకూ ప్రసారం చేసినవాళ్లకూ. "ఏ ఆఫీసు, ఏ పని, ఎన్నిసార్లు తిప్పారు" చెప్పండి, చాలు, పేరు మాత్రం బయట ఫోన్ ఎత్తే మా మనిషికి రాయించండి. లంచం ఫిర్యాదుకు ఏసీబీ 1064 ఉంది. పార్టీని తిట్టినా, కులాన్ని తిట్టినా ఆపుతాం. ఆడపిల్ల మీద జరిగిన అఘాయిత్యం గురించైతే ఇంకా జాగ్రత్త. పిల్ల పేరే కాదు, ఎవరో పోల్చుకునేలా తండ్రి పేరు, వీధి చెప్పినా చట్టం ఒప్పుకోదు. కోపంతో, మంచి మనసుతోనే చెబుతారు. ఆ పిల్ల మాత్రం అదే ఊళ్లో బతకాలి.

అధికారిని గట్టిగా అడిగినందుకు మాత్రం నేను లైన్ కట్ చేయను. గట్టిగా అడిగే కాలర్ ఒక్కరుంటే ఆ రోజు నా పని సగం తగ్గుతుంది.

అపోహ: రేడియోలో పుస్తకాల తెలుగే మాట్లాడాలి.

వద్దు. "అయ్యా, తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి, విషయానికి వచ్చేసరికి టైమైపోతుంది. మీ ఇంట్లో ఎలా చెబుతారో అలాగే చెప్పండి. మా యాసను ఎవరో నవ్వుతారన్న టెన్షన్ అక్కర్లేదు, ఇక్కడ వినేవాళ్లదీ అదే యాస. గొంతు పీలగా వినబడటం ఫోన్ లైన్ గొడవ. అది గొంతులోని లోతు, పదును కోసేసి మధ్య భాగమే పంపుతుంది.

అపోహ: ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారు?

టైలర్ షాపులో, ఆటోలో, హోటల్ వంటగదిలో, మగ్గం పక్కన వింటారు. ఎఫ్‌ఎం కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది, కడప ఆకాశవాణి 1963 నుంచి వాడిన మీడియం వేవ్ అలా ఆగదు. పాలకొండల వెనక ఊళ్లు, నల్లమల అంచు ఊళ్లు రేడియోకు అలవాటు పడింది అందుకే. వరద వచ్చిన రోజు ముందు కరెంటు పోతుంది, కాసేపటికి సెల్ టవర్ పోతుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డ రోజుల్ని చూసినవాళ్లకు బ్యాటరీ రేడియో ఎందుకో చెప్పక్కర్లేదు.

అపోహ: ఒకసారి చెప్పేశాం, మళ్లీ చేస్తే బాగుండదు.

చేయాలి. అధికారి ఇచ్చిన తేదీ మా పుస్తకంలో రాసుకుంటాం. ఆ రోజు ఆఫీసుకు ఫోన్ చేస్తే "అయిపోయింది మేడమ్" అంటారు. తర్వాత కాలర్‌కు ఫోన్ చేస్తాం. స్విచ్ ఆఫ్, లేదా నంబరు మారింది, లేదా "ఆయన ఊళ్లో లేడు". నిజంగా అయిందో లేదో చెప్పేవాళ్లు లేక ఆ పేజీ అలా ఉండిపోతుంది. పనైనా, కాకపోయినా ఒక కాల్ చేయండి. మీరు అందుబాటులో ఉండకపోతే మొదటి కాల్‌లోనే పక్కింటి వాళ్ల నంబరు కూడా రాయించండి. అయిందని చెప్పే కాల్‌ను కూడా గాల్లోకి తీసుకుంటాం. పక్క ఊరి వాళ్లు అదే వారం అదే ఇంజనీరును అడగడానికి అది చాలు.