గన్‌మన్ చేతిలో తుపాకీ: అపోహలు - వాస్తవాలు

ఆర్మీ నుంచి రిటైరై వచ్చాక నల్లగొండలో ఒక సెక్యూరిటీ ఏజెన్సీకి ఫీల్డ్ ఆఫీసరుగా చేస్తున్నాను. మిర్యాలగూడ నుంచి అచ్చంపేట దాకా మావాళ్లు కాపలా ఉండే పాయింట్లు తిరగడమే పని. ఎక్కడైనా ఓ గార్డు తుపాకీ పేలిందంటే చాలు, "ప్రైవేటోళ్లకు గన్నులెందుకు, లాఠీ ఇచ్చి నిలబెట్టండి" అనే మాట మొదలవుతుంది. ఆ ఆంక్షలకు నేను వ్యతిరేకం. అయితే వాటిని వ్యతిరేకిస్తూ మావాళ్లు చెప్పే మాటల్లోనూ సగం తప్పులే.

అపోహ: ఏజెన్సీవాళ్లు ఎవరికి పడితే వాళ్లకు తుపాకీ ఇచ్చేస్తారు.

ఇవ్వలేరు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వచ్చే లైసెన్సు ఏజెన్సీ నడుపుకోవడానికి మాత్రమే. తుపాకీకి 1959 ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు కావాలి. మా జిల్లాలో పోలీసు రిపోర్టు వెళ్లాక దాన్ని కలెక్టరు ఇస్తారు. ఇక బ్యాంకు గేటు దగ్గర మీకు ఎక్కువగా కనిపించేది ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. రెండు రౌండ్లు పేలాక మళ్లీ గన్ను విరిచి, అంటే మధ్యలో మడిచి తెరిచి, తూటాలు నింపుకోవాలి. పిల్లలు మాత్రం "అంకుల్, ఇది ఏకే ఫార్టీ సెవెనా?" అని అడుగుతూనే ఉంటారు.

అపోహ: ఈ తుపాకుల మీద ఎవరి నిఘా ఉండదు.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు మా పాట్లు చూస్తే ఈ మాట అనరు. లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. 2022లో మునుగోడు ఉప ఎన్నికప్పుడు బ్యాంకు డ్యూటీ లెటర్లు పట్టుకుని మినహాయింపు కోసం తిరిగిన తిరుగుడు నాకింకా గుర్తుంది.

అపోహ: తుపాకీ ఉందంటే కాల్చే హక్కు ఉన్నట్టే.

దీన్ని మా గార్డులే ఎక్కువగా నమ్ముతారు. ఆత్మరక్షణ విషయంలో చట్టం మీకెంత హక్కు ఇచ్చిందో గార్డుకూ అంతే. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. దోపిడీ జరుగుతుంటేనో, రాత్రిపూట తలుపులు పగలగొట్టి చొరబడితేనో ప్రాణం తీసేదాకా వెళ్లొచ్చు, అదీ అవసరమైనంత మేరకే. ప్రాణభయం లేని మామూలు దొంగతనానికి ఆ వీలు లేదు. అందుకే మిర్యాలగూడ రైసు మిల్లుల ఓనర్లు గన్‌మన్ కావాలని ఫోన్ చేస్తే వద్దంటాను. బియ్యం బస్తా ఎత్తుకుపోయేవాడిని కాల్చకూడనప్పుడు గేటు దగ్గర గన్నుతో ఏం పని? ప్లాట్ల వెంచర్ దగ్గర ఫొటోల కోసం అడిగేవాళ్లు మరో రకం. ఇలాంటి చోట్ల తుపాకీ వద్దంటే నేనూ సంతకం పెడతాను.

అపోహ: తుపాకీ తీసేస్తే ప్రమాదం పోతుంది.

క్యాష్ వ్యాన్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన నమూనా నిబంధనలు చూడండి. వ్యాన్‌కు ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలి. ఒక ట్రిప్పులో 5 కోట్లు దాటకూడదు. పల్లెల్లో సాయంత్రం 6 తర్వాత ఏటీఎంలో డబ్బు నింపకూడదు. అంటే ఎక్కడ ముప్పుందో ప్రభుత్వానికీ తెలుసు. 2025 జనవరిలో బీదర్‌లో బైకు మీద వచ్చిన ఇద్దరు పట్టపగలు క్యాష్ వ్యాన్ సిబ్బందిని కాల్చి, పెట్టె ఎత్తుకుని హైదరాబాద్ దాకా వచ్చారు. వాళ్లేమీ లైసెన్సు అడిగి తుపాకీ కొనుక్కోలేదు. నల్లమల దారిలో వ్యాన్‌లో వెళ్లే మా కుర్రాడి చేతికి లాఠీ ఇచ్చి పంపమంటే నా వల్ల కాదు.

అటువైపు వాదనలో బలం లేకపోలేదు. 2021 జులైలో హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని ఓ బ్యాంకులో గొడవపడి, గార్డే తోటి ఉద్యోగిని కాల్చాడు. దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. రోజుకు పన్నెండు గంటలు నిలబెట్టి, ఆ మనిషి ఎలా ఉన్నాడో ఎవరూ అడగని చోట తుపాకీ ఉండటం భయమే. కొత్త గార్డుకు 100 గంటలు క్లాసులో, 60 గంటలు ఫీల్డులో శిక్షణ ఇవ్వాలని రూలు. నేను చూసిన కొన్ని బ్యాచ్‌లకు ఆ గంటలు రిజిస్టర్లోనే నిండాయి. ఆంక్ష పెట్టాల్సింది అక్కడ.

ఓ రోజు దేవరకొండ వైపు ఒక బ్రాంచికి తనిఖీకి వెళ్లాను. గన్ను చూపించమంటే పెద్దాయన బ్యారెల్ నేలకు దించి, లివర్ తిప్పి విరిచి, రెండు తూటాలూ తీసి నా చేతిలో పెట్టాడు. పద్ధతి ఎక్కడా తప్పలేదు. తూటాల ఇత్తడి అడుగులకు పచ్చగా చిలుము పట్టింది. ఒకటి ఉబ్బి, మళ్లీ గొట్టంలోకి పోనంటోంది. గన్ను పిడికి ఇన్సులేషన్ టేపు.

"చివరిసారి ఎప్పుడు కాల్చినవ్ కాకా?"

"కొన్నప్పుడు సార్. ఇప్పుడు పేలుతదో లేదో దేవునికే ఎరుక."

ఎప్పటికప్పుడు కాల్చి చూడాలని, తూటాలు మార్చాలని క్యాష్ వ్యాన్ల రూల్లో ఉంది. బ్యాంకు గేటుకూ అదే పెట్టమని బ్రాంచికి రాశాను, మా ఆఫీసుకు రాశాను. తూటాలు మీ ఖాతా అని వాళ్లు, మీ ఖాతా అని వీళ్లు. మూడు నెలలయ్యాక కాకానే నల్లగొండ వచ్చి, తన జీతం డబ్బులతో కొత్త తూటాలు కొనుక్కుపోయాడు.