ఆకుపసరు, రొమ్ము క్యాన్సర్ కణాలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో క్యాన్సర్ కణాల మీద మొక్కల సారాలు పరీక్షిస్తానని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు శేషాచలం ఆకు తెచ్చి "సార్, ఇది రొమ్ము క్యాన్సర్‌ను చంపుతుందట" అంటారు. ఆ 'అట' దగ్గరే నా పని మొదలవుతుంది. (ఎర్రచందనం ముక్క మాత్రం తేకండి, అటవీశాఖవాళ్ళు ఇద్దరినీ పట్టుకుపోతారు.)

అపోహ: ల్యాబులో కణాలు చచ్చాయంటే మందు దొరికినట్లే.

వాస్తవం: ఆ కణాలు ఎక్కువగా ఎంసీఎఫ్-7 రకానివి. అమెరికాలో ఒక సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసినవి, 1973లో వెలుగులోకి వచ్చాయి. అరచేతంత ప్లేటులో 96 వెల్స్, అంటే చిన్న గుంటలు. వాటి అడుగున అతుక్కుని పెరుగుతాయి. అక్కడ పేగు లేదు, కాలేయం లేదు. చింతపండు పులుసు రెండు చుక్కలు వేసినా కణాలు పెరిగే ఎర్రటి ద్రవం పసుపుపచ్చగా మారి కణాలు చస్తాయి. అంతమాత్రాన చారును క్యాన్సర్ మందు అనం కదా! ఎంత మోతాదుకు చచ్చాయి, అదే మోతాదుకు మామూలు రొమ్ము కణాలు బతికాయా అన్నది అడగాలి.

అపోహ: మిషను చూపిన అంకెకు తిరుగులేదు.

వాస్తవం: కణాలు ఎన్ని బతికాయో రంగుతో చెప్పేది ఎంటీటీ పరీక్ష. అందులో బతికున్న కణం పసుపు రంగును ఊదాగా మారుస్తుంది, ఆ ఊదా ఎంత చిక్కగా ఉందో మిషను కొలుస్తుంది. ఒకసారి మా విద్యార్థిని నేరేడు గింజల సారం వేస్తే, మోతాదు పెరిగేకొద్దీ ఊదా రంగు చిక్కబడింది. కణాలకు బలం వస్తోందా అని బెంబేలెత్తిపోయింది. కణాలు లేని వెల్‌లో సారమూ రంగూ మాత్రమే వేయమన్నాను. కాసేపటికి అదీ ఊదాగా మారింది! గింజలోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు, కణాలతో పని లేకుండా తామే రంగు మార్చేశాయి. మైక్రోస్కోపులో చూస్తే కణాలు సగం ముడుచుకుపోయి తేలుతున్నాయి. ఖాళీ వెల్ చూపని ఫలితాన్ని అప్పటి నుంచి నేను నమ్మను.

అపోహ: మొక్కల మందును డాక్టర్లు పట్టించుకోరు.

వాస్తవం: రొమ్ము క్యాన్సర్‌కు సెలైనులో ఎక్కించే పాక్లిటాక్సెల్ పుట్టింది యూ చెట్టు బెరడులోనే. బెరడు సేకరించింది 1962లో, అణు నిర్మాణం తేలింది 1971లో, అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది 1994లో. మన పెరటి బిళ్ళగన్నేరు నుంచీ క్యాన్సర్ మందులు వచ్చాయి. అలాగని ఆకు నమలకండి, అది విషం.

అపోహ: పసుపు, మిరియాల కషాయం ఎంత తాగితే అంత మేలు.

వాస్తవం: రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ మింగించినా రక్తంలో సగటున రెండు మైక్రోమోలార్ (ద్రవంలో మందు ఎంత ఉందో చెప్పే కొలత) కూడా చేరలేదు. ప్లేటులో మేం వాడేది దానికి పదింతలు, ఇరవై ఇంతలు. పైగా కర్కుమిన్, మిరియాల్లోని పైపరిన్ మాత్రలు కలిపి తీసుకుంటే, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మాత్ర నుంచి ఒంట్లో తయారయ్యే అసలు మందు, ఎండాక్సిఫెన్, తగ్గినట్లు నెదర్లాండ్స్‌లో తేలింది. కూరలో చిటికెడు పసుపు గురించి కాదు నేను చెప్పేది. మాత్రలు, పొడులు, కషాయాలు వాడుతుంటే తిడతారని దాచకుండా, ఆ డబ్బానే డాక్టరు బల్ల మీద పెట్టండి.