ట్రైలర్‌ను లాగే బండిలో గేర్ ఆయిల్ ఎందుకు మాడుతుంది?

బరువైన ట్రైలర్ తగిలించుకుని ఒక పెద్ద బండి కొండ ఎక్కుతోందనుకోండి. బండీ, ట్రైలరూ కలిపి 5 టన్నులు. రోడ్డు ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు పైకి లేస్తోంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం తగ్గకుండా ఎక్కాలంటే ఆ బరువును పైకి మోయడానికే సుమారు 49 కిలోవాట్లు కావాలి. ఎదురుగాలి, టైర్ల రాపిడి కూడా కలుపుకుని ఇంజిన్ 70 కిలోవాట్లు ఇస్తోందనుకుందాం. అందులో పదో వంతు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వేడిగా మారినా 7 కిలోవాట్లు. నాలుగైదు రూమ్ హీటర్లు ఒకేసారి వేసినట్టు.

ఆ వేడిలో చాలా భాగం చేరేది గేర్‌బాక్స్‌లో తిరుగుతున్న 12 లీటర్ల ఎర్రటి నూనెలోకి. చల్లబరిచే ఏర్పాటేదీ లేకుండా, వేడంతా నూనెకే పడితే అది మూడు సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. 80 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్న నూనె రెండు నిమిషాల్లో 120కి చేరుతుంది. నిజంగా అంత వేగంగా జరగదు. గేర్‌బాక్స్ లోహం కొంత వేడి పీల్చుకుంటుంది, నూనెను చల్లబరిచే కూలర్ కొంత బయటికి పంపుతుంది. కానీ బరువులు లాగే బండి గురించి మాట్లాడేటప్పుడు నేను ఈ లెక్కతోనే మొదలుపెడతాను. ఎందుకంటే గేర్ ఆయిల్ ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పేది ముందుగా దాని వేడి, ఆ తర్వాతే కిలోమీటర్లు.

ఇంజిన్ ఆయిల్ పని చాలావరకు రాపిడి తగ్గించడం, వేడి మోసుకుపోవడం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెకు అంతకంటే చాలా ఎక్కువ పనులుంటాయి. ఇంజిన్ శక్తిని గేర్లకు అందించేది అదే. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు మార్చేదీ అదే. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. అందులో ఇంజిన్ తిప్పే రెక్కలు నూనెను విసిరితే, ఆ నూనె వెళ్లి ఎదురుగా ఉన్న రెక్కలను తిప్పుతుంది. ఈ రెండు రెక్కల చక్రాల మధ్య బిగింపేదీ ఉండదు, అంతా నూనె ఊపే. 1905లో జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం ఆలోచించిన పద్ధతి ఇది.

మొదటి చక్రం వేగంగా, రెండోది నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ ఆ తేడా అంతా నూనెను చిలకడానికే పోతుంది. చిలికిన కొద్దీ వేడి. మామూలు రోడ్డు మీద వేగం అందుకోగానే లోపలున్న లాకప్ క్లచ్ రెండు చక్రాలనూ కలిపేస్తుంది, దాంతో ఆ వేడి దాదాపు ఆగిపోతుంది. బరువుతో నెమ్మదిగా కొండ ఎక్కేటప్పుడు ఆ లాకప్ పడదు, లేదా పడుతూ వదులుతూ ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కొండ మీద కాదు, ఇంటి ముందు జరుగుతుందని నేనంటాను. ఎత్తుగా ఉన్న దారిలోకి ట్రైలర్‌ను రివర్స్‌లో నెట్టేటప్పుడు ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం అంగుళం అంగుళంగా కదులుతుంది. ఇంజిన్ ఇచ్చిన దాంట్లో బండి చక్రాలకు చేరనిదంతా నూనెలో మిగిలిపోతుంది. బండి కదలడం లేదు కాబట్టి కూలర్‌కు ఎదురుగాలి కూడా తగలదు. ఐదు నిమిషాల ఆ పని గంట ప్రయాణం కంటే ఎక్కువ చెరుపు చేయగలదు.

వేడెక్కితే నూనెకు ఏమవుతుంది? గాలిలోని ఆక్సిజన్ దాని అణువులతో కలుస్తుంది. ఆమ్లాలు, జిగురు పదార్థాలు పుడతాయి. ఆ జిగురు సన్నని వాల్వుల మీద వార్నిష్ పూసినట్టు అంటుకుంటుంది. రసాయన చర్య వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో 1889లో స్వాంటే అర్హీనియస్ సమీకరణంగా రాశాడు. దాన్నిబట్టి చాలా చర్యలు 10 డిగ్రీలు పెరిగేసరికి సుమారు రెండింతలు వేగంగా జరుగుతాయి. గేర్‌బాక్స్ మెకానిక్‌లు చాలాకాలంగా చెప్పే లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర నూనె 1,60,000 కిలోమీటర్లు మన్నితే, ఆపై ప్రతి 11 డిగ్రీలకూ ఆ ఆయుష్షు సగం అవుతుంది. 91 దగ్గర 80,000, 102 దగ్గర 40,000, 113 దగ్గర 20,000. ఇది పాతకాలపు నూనెలను బట్టి కట్టిన మోటు లెక్క. ఇప్పటి సింథటిక్ నూనెలు ఇంతకంటే బాగా తట్టుకుంటాయి. అయినా వేడి పెరిగేకొద్దీ ఆయుష్షు కుంచించుకుపోయే తీరు మాత్రం మారలేదు.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకునేది మరో సంగతి. ఈ నూనె జారాలి, పట్టు కూడా ఇవ్వాలి. గేర్ల పళ్ల మధ్య జారకపోతే లోహం అరిగిపోతుంది. క్లచ్ ప్లేట్ల మధ్య పట్టు లేకపోతే బండి కదలదు. ఆ ప్లేట్ల మీద ఉండేది కాగితం లాంటి పీచు పొర, అది ఎప్పుడూ నూనెలో తడిసే ఉంటుంది. అది మెత్తగా, కుదుపు లేకుండా పట్టుకోవాలంటే నూనెలో కొన్ని ప్రత్యేక రసాయనాలు కలపాలి. ఒకప్పుడు ఆ పని స్పెర్మ్ తిమింగలం నూనెతో జరిగేది! 1970ల మొదట్లో అమెరికా తిమింగలం సరుకులను నిషేధించాక నూనె తయారీదారులు హడావుడిగా కృత్రిమ పదార్థాలు వెతుక్కోవలసి వచ్చింది. వేడి దెబ్బతీసే వాటిలో ఈ రసాయనాలూ ఉన్నాయి. రోడ్డు పక్కనున్న గతుకుల మీద వెళ్తున్నట్టు గేరు పడేటప్పుడు బండి సన్నగా వణికితే, చాలాసార్లు కారణం ఇదే.

కాబట్టి బరువు లాగే బండికి మొదట చూడాల్సింది కూలర్. చాలా బండ్లలో గేర్ ఆయిల్ రేడియేటర్‌లోని ఒక గది గుండా వెళ్లి కూలెంట్‌కు వేడి వదిలేస్తుంది. ట్రైలర్ లాగేవాళ్లు దాంతో సరిపెట్టకుండా ముందువైపు గాలి తగిలేలా విడిగా ఒక కూలర్ పెట్టించుకోవడం మంచిది. ఆయిల్ ఉష్ణోగ్రత చూపే మీటర్ ఉంటే దాన్ని స్పీడ్ చూసినంత శ్రద్ధగా చూడండి. ట్రైలర్ లాగేటప్పుడు వాడే టో మోడ్ అనే సెట్టింగ్ ఉంటే తప్పకుండా వాడండి. అది పై గేరుకు తొందరపడి వెళ్లకుండా ఆపుతుంది, గేర్లు మాటిమాటికీ మారవు. కొండ ఎక్కి ఆగాక వెంటనే ఇంజిన్ ఆపకండి. పార్క్‌లో పెట్టి రెండు మూడు నిమిషాలు నడవనిస్తే నూనె కూలర్ గుండా తిరిగి చల్లబడుతుంది.

డిప్‌స్టిక్, అంటే నూనె మట్టం చూసే కడ్డీ, ఉన్న బండైతే నూనెను చూడడం కష్టం కాదు. చాలావాటిలో సమతలమైన చోట, నూనె వేడిగా ఉండి, గేరు పార్క్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా కొలవాలి. కొన్నిటిలో పార్క్‌కు బదులు న్యూట్రల్ అంటారు, మాన్యువల్ చూసుకోండి. వేడికి నూనె ఉబ్బుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఫుల్ గీత దాకా పోస్తే తర్వాత ఎక్కువైపోతుంది. ఎక్కువైన నూనెను తిరిగే భాగాలు చిలికి నురుగు చేస్తాయి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎలా అయినా నూనెలో గాలి చేరుతుంది, గాలి నొక్కుకుపోతుంది, క్లచ్ మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి కాసేపు ఆగండి. మంచి నూనె ఎర్రగా వెడల్పుగా పాకుతుంది. అలసిన నూనె గోధుమ రంగులో, మధ్యలో నల్లటి మచ్చతో, పెద్దగా పాకకుండా నిలిచిపోతుంది. మాడు వాసన వేస్తే ఇక ఆలోచించొద్దు. ఎరుపు కేవలం రంగు కోసం కలిపినదే, కారితే ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికి. కాబట్టి రంగు కాస్త ముదిరినంత మాత్రాన టెన్షన్ పడనక్కర్లేదు. కానీ గులాబీ రంగు పాలలా కనిపిస్తే మాత్రం బండి నడపకండి. రేడియేటర్ లోపల చిల్లు పడి కూలెంట్ నూనెలో కలిసిందన్నమాట. నీళ్లు తగిలితే ఆ పీచు పొర జిగురు వదిలి ఊడిపోతుంది.

పాన్, అంటే గేర్‌బాక్స్ కింద ఉండే నూనె తొట్టి, విప్పినప్పుడు అడుగున ఉండే అయస్కాంతాన్ని చూడకుండా వదలకండి. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలు అరుగుదలే. వేలితో రుద్దితే గుచ్చుకునే రజను, మెరిసే ముక్కలు ఉంటే లోపల ఏదో విరుగుతోంది.

మార్చడంలో ఒక చిక్కుంది. పాన్ నుంచి వంపితే అన్ని లీటర్లూ రావు, చాలా భాగం కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. ఒకసారికి 40 శాతం వస్తుందనుకుంటే, మధ్యలో బండి నడిపి మూడుసార్లు మార్చాక కొత్త నూనె వాటా 78 శాతానికి చేరుతుంది. అందుకే నల్లబడేదాకా ఆగకుండా కాస్త ముందుగా, తరచుగా మార్చుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అన్న మాట ట్రైలర్ లాగే బండికి వర్తించదు. మాన్యువల్‌లో కఠిన వాడకం అని విడిగా ఒక షెడ్యూల్ ఉంటే మీరు చూడాల్సింది అదే. నూనె రకం కూడా మాన్యువల్ చెప్పిందే పోయాలి. డెక్స్‌రాన్ 6 కోరే గేర్‌బాక్స్‌కూ, ఏటీఎఫ్ ప్లస్ 4 కోరేదానికీ రాపిడి లెక్కలు వేరు.

కొత్త నూనె పోశాకే గేర్‌బాక్స్ పోయిందని వాదించేవాళ్లు ఉంటారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు, కారణం వేరు. సాధారణంగా నూనె మార్చే ఆలోచన వచ్చేది గేర్లు జారడం మొదలయ్యాకే. అప్పటికి ప్లేట్ల మీద పొర అరిగి, పొడిగా మారి పాత నూనెలో తేలుతుంటుంది. ఆ పొర కొత్త నూనెతో తిరిగి రాదు, ప్లేట్లు మార్చాల్సిందే.