కార్గో పైలట్లకు వేరే రూలు ఎందుకు?

2013 ఆగస్టు 14 తెల్లవారుజామున యూపీఎస్ అనే పార్సిల్ కంపెనీ కార్గో (సరుకు రవాణా) విమానం ఒకటి అమెరికాలోని అలబామా రాష్ట్రంలో కూలిపోయింది. బర్మింగ్‌హామ్ విమానాశ్రయం రన్‌వే ఇంకాస్త దూరంలో ఉందనగా నేలను తాకింది. లోపల ఉన్నది కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ మాత్రమే. ఇద్దరూ చనిపోయారు.

తర్వాత కాక్‌పిట్ రికార్డర్‌లోని మాటలు బయటికొచ్చాయి. బయల్దేరే ముందు వాళ్లు మాట్లాడుకున్నది విశ్రాంతి గురించే. ప్యాసింజర్ పైలట్ల కోసం కొత్త రూల్స్ వస్తున్నాయి, కార్గో వాళ్లని మాత్రం వదిలేశారు, భద్రత అందరికీ ఒకేలా ఉండాలి కదా అన్నాడు కెప్టెన్. నిద్ర లేపే అలారం మోగేసరికి ఎంత అలసటగా ఉందో ఫస్ట్ ఆఫీసర్ చెప్పింది. ఆ రూల్స్ అమల్లోకి రావడానికి అప్పటికి ఇంకా అయిదు నెలలుంది.

వాళ్లని ఎందుకు వదిలేశారో అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఒక రకంగా చూస్తే పైలట్ ఉద్యోగం మొదలైందే సరుకుతో. 1918లో అమెరికా తపాలా శాఖ ఉత్తరాలను విమానాల్లో పంపడం మొదలుపెట్టింది. జీతంతో పాటు మైలుకి ఇంతని ఇచ్చేవారు. పొగమంచు ఉన్నా ఎగరాల్సిందేననేది పైవాళ్ల పట్టుదల. 1919 జులైలో అలా ఎగరనన్నందుకు ఇద్దరిని ఉద్యోగంలోంచి తీసేస్తే మిగతావాళ్లు విమానాలు ఆపేశారు. కొద్ది రోజులకు తపాలా శాఖ కొంత దిగొచ్చింది. తపాలా శాఖ సొంతంగా విమానాలు నడిపిన ఆ తొమ్మిదేళ్లలో 30 మందికి పైగా పైలట్లు చనిపోయారు. ఎగరాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలనే గొడవ అప్పటిది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

పైలట్ల యూనియన్ 1931లో పుట్టింది. నెలకు 85 గంటలకు మించి ఎగరకూడదనే పరిమితి 1934లో వచ్చింది. అప్పట్లో ఒకే విమానంలో ఉత్తరాలూ మనుషులూ కలిసే వెళ్లేవారు కాబట్టి కార్గోకి వేరే రూలు పెట్టాలన్న ఆలోచనే లేదు.

ఆ తేడా తెచ్చింది రాత్రి. 1973 ఏప్రిల్‌లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ (ఇప్పటి ఫెడెక్స్) అమెరికాలోని మెంఫిస్ నగరం కేంద్రంగా 14 చిన్న ఫాల్కన్ జెట్లతో మొదలైంది. మొదటి రాత్రి మోసింది 186 ప్యాకెట్లు. ఆ రోజుల్లో డబ్బుకి ఎంత కటకటంటే, పైలట్లు సొంత క్రెడిట్ కార్డులతో ఇంధనం కొట్టించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1977లో ప్రభుత్వం కార్గోపై ఆంక్షలు ఎత్తేయడంతో పెద్ద విమానాలకు దారి తెరుచుకుంది. 1988లో యూపీఎస్ కూడా సొంత ఎయిర్‌లైన్ పెట్టుకుంది.

ఈ వ్యాపారానికి గుండెకాయ హబ్. దేశం నలుమూలల నుంచీ విమానాలు అర్ధరాత్రికి కాస్త అటూఇటుగా ఒకేచోట దిగుతాయి. రెండు మూడు గంటల్లో సరుకు ఊరివారీగా వేరుచేస్తారు. తెల్లారేలోపు విమానాలు మళ్లీ లేస్తాయి. పైలట్ మాత్రం మధ్యలో రెండు మూడు గంటలు ఖాళీగా ఉండి, సరిగ్గా ఒళ్లు పడుకోమని మొరాయించే వేళకి మళ్లీ కాక్‌పిట్ ఎక్కాలి. శరీరం అన్నిటికంటే మందగించేది తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్యలోనే. పగలు పడుకుందామంటే ఆ నిద్ర తక్కువసేపే పడుతుంది, గాఢంగానూ ఉండదు. నాసా పరిశోధకులు రాత్రి కార్గో సిబ్బందిని స్వయంగా గమనించి చెప్పిన సంగతి ఇది. వరసగా ఎన్ని రాత్రులు చేసినా ఒంటి గడియారం పూర్తిగా మారదు. అలవాటైపోతుందిలే అనేది రాత్రి డ్యూటీ ఎరగని వాళ్ల మాట.

1993 ఆగస్టులో క్యూబాలోని అమెరికా స్థావరం గ్వాంటనామో బేలో ఒక డీసీ-8 కార్గో విమానం కూలింది. అదృష్టం, ముగ్గురూ బతికారు. కెప్టెన్ అప్పటికి 23 గంటలకు పైగా మేలుకునే ఉన్నాడు. ఒక పెద్ద ప్రమాదానికి అలసటే కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చడం అదే మొదటిసారి. అంటే అలసట ఎంత ప్రమాదమో మొదట నిరూపించింది కార్గో విమానమే.

కానీ చట్టాన్ని కదిలించింది ప్యాసింజర్ విమానం. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ ప్రమాదంలో 50 మంది పోయారు. మృతుల కుటుంబాలు అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చుట్టూ తిరిగితే, పైలట్ల విశ్రాంతికి కొత్త రూల్స్ పెట్టాలంటూ 2010లో చట్టం వచ్చింది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తయారుచేసిన మొదటి ముసాయిదాలో కార్గో కూడా ఉంది. 2011 డిసెంబర్‌లో వచ్చిన తుది రూల్‌లో లేదు. కారణం లెక్కలు. కార్గోని కలిపితే కంపెనీలకు 30 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు, దక్కే లాభం అందులో చిన్న వంతేనని తేల్చారు. లాభం అంటే ఇక్కడ కాపాడే ప్రాణాల విలువ. విమానంలో ఉండేది ఇద్దరైనప్పుడు ఆ అంకె పెద్దది ఎలా అవుతుంది? కింద ఇళ్లుంటాయని ఎవరికీ గుర్తు రాలేదేమో. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్ ఆల్ కార్గో విమానం అపార్ట్‌మెంట్ల మీద పడి నేల మీదున్న 39 మంది చనిపోయారు. దానికి కారణం అలసట కాదు, ఇంజన్లు ఊడిపోవడం. అయినా పడేది ఎక్కడో విమానం చూసుకోదు కదా.

యూపీఎస్ పైలట్ల యూనియన్ వెంటనే కోర్టుకెళ్లింది. 2016 జనవరిలో ఓడిపోయింది. 2014 నుంచి ప్యాసింజర్ పైలట్ల డ్యూటీకి, మొదలయ్యే వేళను బట్టి, 9 నుంచి 14 గంటల పరిమితి ఉంది. కార్గో వాళ్లకు పాత రూల్ ప్రకారం 16 గంటల దాకా సాగొచ్చు. యూరప్‌లో 2016 నుంచి అమలైన రూల్స్‌లో మాత్రం ఇలాంటి తేడా పెట్టలేదు. కార్గోనీ కలపాలంటూ అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు చాలాసార్లు పెట్టారు, ఒక్కటీ గట్టెక్కలేదు.

కంపెనీల వాదననూ కొట్టిపారేయలేం. బర్మింగ్‌హామ్ పైలట్ల షెడ్యూల్ కొత్త రూల్స్‌కీ సరిపోయేదేనని యూపీఎస్ అంది. ఫస్ట్ ఆఫీసర్ ఖాళీ సమయాన్ని నిద్రకు సరిగ్గా వాడుకోలేదని ఎన్‌టీఎస్‌బీ కూడా రాసింది. రూల్ గంటలు ఇస్తుంది, నిద్ర ఇవ్వదు.

మరి ఇంత టెన్షన్ ఉన్నా ఈ ఉద్యోగం కోసం క్యూ ఎందుకు? మొదటిది జీతం. పెద్ద కంపెనీల్లో పెద్ద విమానం నడిపే సీనియర్ కెప్టెన్‌కి ఏడాదికి 3 లక్షల డాలర్లు దాటుతుంది. రెండోది ఆ పనిలోని ప్రశాంతత. పెట్టెలు కాఫీ అడగవు, ఆలస్యమైతే ఫోన్‌లో వీడియో తీయవు. తమని తాము ‘ఫ్రైట్ డాగ్స్’ (సరుకు మోసే కుక్కలు) అని పిలుచుకోవడంలో వాళ్లకి ఎగతాళితో పాటు గర్వమూ ఉంది. సీనియారిటీ పెరిగితే పగటి ట్రిప్పులు ఎంచుకోవచ్చు, కాబట్టి రాత్రులన్నీ కొత్తవాళ్ల నెత్తినే పడతాయి.

కోవిడ్‌లో ప్యాసింజర్ విమానాలు ఆగిపోయినా వీళ్లు ఆగలేదు. మాస్కులూ తర్వాత టీకాలూ మోసింది వీళ్లే. హాంకాంగ్‌లో క్వారంటైన్ ఎంత కఠినంగా ఉండేదంటే, 2021లో ఫెడెక్స్ అక్కడి పైలట్ బేస్‌నే ఎత్తేసింది. 2023లో ఆ కంపెనీ పైలట్లు తమ యూనియన్ నాయకులు కుదుర్చుకొచ్చిన జీతాల ఒప్పందాన్నే 57 శాతం ఓట్లతో తిరస్కరించారు.

చట్టం ఇవ్వనిది పెద్ద యూనియన్లు కొంతవరకు బేరమాడి తెచ్చుకున్నాయి. హబ్‌లలో పడుకోవడానికి గదులు, రూల్ కంటే తక్కువ డ్యూటీ గంటలు, అలసిపోయానని చెప్పి ట్రిప్ మానుకునే వీలు. పెద్ద కంపెనీల కోసం కాంట్రాక్టు మీద విమానాలు నడిపే చిన్న సంస్థల పైలట్లకు బేరమాడే బలం అంతగా ఉండదు. రాత్రులు మాత్రం వాళ్లకూ అవే.